అరువు పేరు

గ్రాంట్ ఓస్బీ అడిగింది మొదట చాలా చిన్న సాయంలాగే కనిపించింది. ఫిబ్రవరి నెల. చలికి తలుపు గడియలు కూడా బిగుసుకుపోయాయి. అతను కారు ఇంజను ఆపకుండానే దిగి, బూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఉన్ని మేజోళ్ళతో వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. వెర్నా కాఫీ పోసింది. ఆమె భర్త ఓర్విల్ పేపర్లోంచి తల ఎత్తకుండానే, "గవర్నరుగారికి మా ఇంటి దారి గుర్తుందే," అన్నాడు.

"మాజీ గవర్నరుని," అన్నాడు గ్రాంట్. తర్వాత వెర్నా వైపు తిరిగి, "నీ పేరు ఒకసారి అరువు కావాలి వెర్నా. జూన్ దాకా చాలు," అన్నాడు.

వెర్నా హౌగెన్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఉత్తర డకోటాలో హాల్వర్ కౌంటీ ఎన్నికల అధికారిగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఆమె ఆ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గ్రాంట్ అదే భవనంలో కౌంటీ కమిషనర్. రోడ్ల మీద మంచు తీయించే పనులు చూసుకునేవాడు. అక్కడినుంచి శాసనసభకి వెళ్ళాడు, రెండుసార్లు గవర్నరయ్యాడు. కిందటి శరత్కాలంలో పార్టీతో తెగతెంపులు చేసుకుని, ఏ పార్టీ లేకుండా అమెరికా అధ్యక్ష పదవికి నిలబడుతున్నానని ప్రకటించాడు. చుట్టుపక్కల జనం అతన్ని మెచ్చుకున్నారు, గెలవడని కూడా అనుకున్నారు. అతనికీ ఆ సంగతి తెలుసు.

పార్టీ అభ్యర్థుల పేర్లు బ్యాలెట్ మీదకి వాటంతట అవే ఎక్కుతాయి. ఒంటరిగా నిలబడ్డవాడు మాత్రం ఒక్కో రాష్ట్రంలో వేలకి వేల సంతకాలు పోగుచెయ్యాలి. సగం రాష్ట్రాల్లో ఆ సంతకాల కాగితాల మీద ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు మొదటిరోజే ఉండాలి. గ్రాంట్‌కి జోడీగా నిలబడే మనిషి ఇంకా దొరకలేదు. అందుకని ఎవరిదో ఒక పేరు పెట్టి సంతకాలు మొదలుపెట్టి, అసలు మనిషి దొరికాక మార్చుకోవచ్చని లాయర్లు చెప్పారు.

"ఆటలో అరటిపండన్నమాట," అన్నాడు ఓర్విల్.

"అంతే," అన్నాడు గ్రాంట్.

"ఓర్విల్ పేరు పెట్టుకోకపోయావా?" అంది వెర్నా.

"ఓర్విల్ నాకు ఓటే వెయ్యడు."

"వెయ్యను," అన్నాడు ఓర్విల్, పేజీ తిప్పుతూ.

వెర్నా కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం రెండుసార్లు చదివింది. ఆమెకి అది అలవాటు. గ్రాంట్ ఓపిగ్గా కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆమె చదువుతుంటే అతను అలా కూర్చోవడం ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. చివరికి ఆమె సంతకం పెట్టింది. పెట్టాక, ఇంజను ఆపకుండా వచ్చినందుకు అతన్ని కోప్పడింది.

సంతకం పెట్టి ఊరుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మార్చిలో సంతకాల కాగితాల కట్ట ఒకటి చూసి రమ్మంటే బిస్మార్క్ వెళ్ళింది. అక్కడ మూతపడ్డ తివాచీల దుకాణంలో ఎన్నికల ఆఫీసు పెట్టారు. కట్ట విప్పితే ప్రతి మూడో కాగితంలోనూ తప్పే. ఒకచోట తేదీ లేదు, ఒకచోట కౌంటీ పేరు లేదు. ఒకచోట మొగుడూ పెళ్ళాల సంతకాలు రెండూ ఒకే చేతివి. వాటిని చూసీ చూడనట్టు వదిలేసి ఇంటికి రావడం ఆమె వల్ల కాలేదు. వారానికి మూడు రోజులు నూటపది మైళ్ళు కారు నడుపుకుంటూ వెళ్ళడం, చీకటి పడకముందే తిరిగి రావడం మొదలైంది. మోకాళ్ళు ఒకటే పీకులు. ఓర్విల్ తన కూర తనే వేడిచేసుకుంటున్నాడు.

"జూన్ దాకా అన్నాడుగా," అని గుర్తుచేసేవాడు.

"ఇది పేరు పని కాదు, కాగితాల పని."

"కాగితాల పనికి జూన్ ఉండదా?"

ఆఫీసులో కుర్రకారు ఆమెని చూడగానే లేచి నిలబడి, "ఉపాధ్యక్షులవారికి కుర్చీ," అనేవాళ్ళు. ఆమె కోప్పడేది కాదు. ఒకరోజు మినియాపోలిస్ నుంచి విలేకరి ఒకతను ఫోన్ చేసి, విదేశాంగ విధానం మీద ఆమె అభిప్రాయమేమిటని అడిగాడు. "నాయనా, నేను జూన్ దాకానే," అంది. మర్నాడు అదే మాట పేపర్లో వచ్చింది. ఊళ్ళో కిరాణా కొట్టువాడు ఆ ముక్క కత్తిరించి గల్లాపెట్టె పక్కన అంటించాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం మైనాట్‌లో పశువుల సంత జరిగే హాల్లో సభ పెట్టారు. మూడు వందలమంది వచ్చి ఉంటారు. వేదిక మీదకి రమ్మంటే వెర్నా చెయ్యి ఊపి దిగిపోయింది. అయినా చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక పాడి ఆవులు పెంచే ఒకావిడ దగ్గరికొచ్చి వెర్నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మీలాంటివాళ్ళు పైన ఉంటే ఎంత బావుణ్ణమ్మా. పనిచేసిన చెయ్యి ముట్టుకుంటే తెలుస్తుంది," అంది. తిరిగొచ్చేటప్పుడు కారులో అరవై మైళ్ళు ఆ మాటే తలుచుకుంటూ వచ్చింది వెర్నా. ఎందుకు కాకూడదు, నాకంటే తెలివితక్కువవాళ్ళు ఎంతమంది ఎక్కలేదు అనిపించింది. ఇంటి మలుపు దగ్గరికి వచ్చేసరికి తనమీద తనకే సిగ్గేసింది. ఆ సంగతి ఓర్విల్‌కి చెప్పలేదు.

మే నెలలో అసలు మనిషి కోసం వెతుకులాట మొదలైంది. దాన్ని నడిపింది మార్సియా పెల్, వాషింగ్టన్ నుంచి వచ్చిన ప్రచార నిర్వాహకురాలు. నలభై దాటిన మనిషి. కడుపులో మంటకి మాత్రలు చప్పరిస్తూ ఫోన్లో మాట్లాడుతుండేది. ఆమె దగ్గర పద్నాలుగు పేర్ల జాబితా ఉండేది. ఒక్కో పేరు వెనక ఒక్కో కారణం. ఫలానా ఆయనకి దక్షిణాదిలో పలుకుబడి ఉంది, ఫలానా ఆవిడంటే నగరాల్లో ఇష్టం. ఆ మనిషి రేపు దేశాన్ని నడపాల్సి వస్తే నడపగలడా అన్న ప్రశ్న మాత్రం జాబితాలో ఎక్కడా కనపడలేదు.

"అది ఎవరూ చూడరండీ," అంది మార్సియా. నిర్దాక్షిణ్యంగా కాదు, అలిసిపోయి అంది. "నేను ఈ పని మూడోసారి చేస్తున్నాను. పెళ్ళిచూపుల్లాంటిది. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఫొటో ఎలా ఉంటుందన్నదే చూస్తారు."

పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒరెగన్ సెనేటర్ ఒకాయన ఫోన్లోనే మర్యాదగా కాదన్నాడు. టీవీలో ముప్పై ఏళ్ళు వార్తలు చదివిన పెద్దమనిషి ఒకాయన బిస్మార్క్ దాకా వచ్చి, రెండు పూటలా మాంసం తిని, తన కోసం ఏ విమానం పెడతారో అడిగి వెళ్ళాడు. మర్నాడు ఆయన భార్య ఫోన్ చేసి, ఆయనకి ఇష్టమే కానీ తనకి ఇష్టం లేదంది. ఇంకొకావిడ అంతా ఒప్పుకుని, చివర్లో వైద్యపరీక్షల కాగితాలు అడిగేసరికి వెనక్కి తగ్గింది. జూన్ వచ్చింది, వెళ్ళింది. వెర్నా పేరు ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆ నెలాఖరులోనే వెర్నా ఆ సంగతి కనిపెట్టింది. పంతొమ్మిది రాష్ట్రాల్లో దాఖలు చెయ్యాల్సిన అంగీకార పత్రాలు బల్లమీద తేదీల వరసన పేరుస్తోంది. అన్నింటి మీదా గ్రాంట్ సంతకాలు ఉన్నాయి. ఫిబ్రవరి సంతకం ఎప్పటిలాగే గీతని దాటి పారుతోంది. ఏప్రిల్‌ది గీత లోపలే ఒదిగింది. జూన్‌ది సగానికి సగం తగ్గిపోయింది. మొదటి అక్షరం ఫరవాలేదు గానీ, చివరికి వచ్చేసరికి చీమల బారులా అయింది.

ఎవరైనా తొందరలో పెట్టాడులే అనుకునేవాళ్ళు. వెర్నా అనుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందట సెల్మర్ బ్రెకీ అనే రైతు పోస్టులో పంపిన ఓటుని సంతకం కలవలేదని ఆమె తిప్పికొట్టింది. ఆయన మండిపడుతూ ఆఫీసుకి వచ్చి ఆమె ఎదుటే సంతకం పెట్టి చూపించాడు. అది కూడా అంతే చిన్నది. ఆయనకి పార్కిన్సన్స్ జబ్బని ఆ శీతాకాలంలో తేలింది. తన చేత్తో తిప్పికొట్టిన ఆ కాగితం వెర్నా మర్చిపోలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే మిగతావి కూడా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గ్రాంట్ నడుస్తున్నప్పుడు కుడిచెయ్యి ఊగడం లేదు. జోకు వేసినా మొహం నవ్వడం లేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక దుకాణం వెనక కార్ల దగ్గర అతన్ని ఆపింది.

"జనవరిలో చెప్పారు," అన్నాడు గ్రాంట్. అబద్ధమాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "ఫార్గోలో డాక్టరు. మెల్లగా ముదిరే రకమట. నాలుగైదేళ్ళు బాగానే గడుస్తాయన్నాడు."

"ఎవరెవరికి తెలుసు?"

"ఆయనకీ, నాకూ. ఇప్పుడు నీకు."

"మార్సియాకి?"

"లేదు."

"మరి జనవరిలో తెలిస్తే ఫిబ్రవరిలో మా ఇంటికెందుకొచ్చావు?"

గ్రాంట్ కారుకి ఆనుకున్నాడు. "ఈ ఒక్కటి చేసి ఊరుకుందామనుకున్నాను వెర్నా. గెలవనని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ చెప్పాల్సిన నాలుగు మాటలున్నాయి. అధ్యక్ష అభ్యర్థిగా చెప్తే వింటారు. జబ్బుమనిషిగా చెప్తే జాలిపడతారు. నవంబరు దాటాక నేనే చెప్తాను."

అప్పుడే ఏదో ఒకటి అనాల్సింది. వెర్నా అనలేదు. మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి, నూటపది మైళ్ళు వెళ్ళాలి, అతని మొహం చూస్తే జాలేసింది. "నీ ఇష్టం," అని కారెక్కింది. మూడు వారాలు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది.

జూలై మూడో వారంలో లూసిందా బాకా వచ్చింది. న్యూమెక్సికోలో పద్దెనిమిదేళ్ళు జడ్జిగా చేసి, ఒక పెద్ద కేసులో రెండు పార్టీలకీ కోపం తెప్పించే తీర్పు ఇచ్చి, ఆ తర్వాత ఉద్యోగం వదిలేసిన మనిషి. యాభై నాలుగేళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. విమానాశ్రయం నుంచి తన పెట్టె తనే మోసుకొచ్చింది. రెండు రోజులపాటు ఆఫీసు వెనక గదిలో గ్రాంట్‌తో కూర్చుని మాట్లాడింది. నీళ్ళ గురించీ, జైళ్ళ గురించీ, ఏయే విషయాల్లో తామిద్దరికీ పడదో దాని గురించీ. మధ్యలో ఒకసారి బయటికొచ్చి, కాగితాల బల్ల దగ్గర వెర్నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను తీసుకోబోయే చోటు మీదేగా," అంది.

"నాది కాదమ్మా. నేను ఊరికే కుర్చీ కాపలా."

"ఈ తప్పులన్నీ మీరే పట్టారట. మార్సియా చెప్పింది. కోర్టులో మీలాంటి గుమాస్తా ఒక్కరుంటే నేను ఇంకో పదేళ్ళు పనిచేసేదాన్ని." బల్లమీదున్న ఒక కాగితం తీసి చూసింది. "ఇది ఎందుకు పక్కన పెట్టారు?"

"ఆయన చనిపోయి రెండేళ్ళయింది. వాళ్ళబ్బాయి పెట్టినట్టున్నాడు. పేర్లు ఒకటే."

"మా దగ్గర ఇలాంటిదాన్ని వదిలేస్తారు. ఎవరు చూడొచ్చారని."

"ఎవరో ఒకరు చూస్తారు," అంది వెర్నా. అన్నాక ఆ మాట ఆమె చెవిలోనే మోగింది.

రెండో రోజు సాయంత్రం గ్రాంట్, లూసిందా చేతులు కలుపుకున్నారు. సోమవారం ప్రకటన. మార్సియా మొదటిసారి నవ్వుతూ కనిపించింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నోటరీని పిలిపించి, పంతొమ్మిది రాష్ట్రాల ఉపసంహరణ పత్రాలు బల్లమీద పరిచింది. వెర్నా ఒక్కోదాని మీదా సంతకం పెడితే ఆమె పేరు పోయి లూసిందా పేరు ఎక్కుతుంది. గడువు ఆ సాయంత్రం అయిదింటిదాకా.

వెర్నా కలం తీసుకుంది. మొదటి కాగితం చదివింది. రెండోసారి చదివింది. నోటరీ గడియారం చూసుకున్నాడు.

"ఒక్క నిమిషం," అని లేచింది. "గ్రాంట్ ఎక్కడ?"

అతను వెనక గదిలో సోమవారం మాట్లాడాల్సిన ప్రసంగం చదువుకుంటున్నాడు. వెర్నా తలుపు మూసింది.

"ఆవిడకి చెప్పావా?"

గ్రాంట్ ప్రసంగం కాగితాలు కిందకి దించాడు.

"చెప్పలేదు కదా."

"ఇప్పుడు చెప్తే వెళ్ళిపోతుంది."

"చెప్పకపోతే వెళ్ళే అవకాశం కూడా లేకుండా చేస్తున్నావు."

"మనం గెలవం వెర్నా. వందలో తొమ్మిది ఓట్లు. పది వస్తే పండగ. ఉపాధ్యక్షురాలు ఎవరైతే ఏం?"

"గెలవం గెలవం అంటూనే ఉన్నావు. మంచులో నిలబడి సంతకాలు పెట్టినవాళ్ళకి అలా చెప్పావా? వాళ్ళు నువ్వు గెలవాలని నిజంగానే పెట్టారు. నిజంగా పెట్టిన మనిషికి, గెలవనులే అన్న సాకుతో అబద్ధం చెప్తావా?" ఆమె గొంతు పెరగలేదు. అలిసిపోయి కుర్చీలో కూర్చుంది. "నేనూ తప్పు చేశాను. మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఆ చోట్లో ఉన్నది నేనే కదా, నాకు తెలుసు కదా, సరిపోయిందిలే అనుకున్నాను. ఇప్పుడు నా చోటు ఆవిడకిస్తున్నాను. నాకు తెలిసింది కూడా ఇవ్వాలి."

"నువ్వు చెప్తావా?"

"నేను చెప్పను. నువ్వు చెప్పేదాకా సంతకం పెట్టను."

చాలాసేపు గ్రాంట్ కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. ఆ పనికే అతనికి ఎక్కువసేపు పట్టింది. కాగితాల అంచులు కలవడం లేదు. చివరికి లేచి, లూసిందాని పిలుచుకురమ్మన్నాడు. వెర్నాని ఉండమన్నాడు.

లూసిందా నిలబడే విన్నది. మొత్తం విన్నాక రెండే ప్రశ్నలు అడిగింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"జనవరి."

"ఈ మనిషి పట్టుబట్టకపోతే నాకెప్పుడు చెప్పేవారు?"

గ్రాంట్ కిటికీలోంచి కార్లున్న వైపు చూశాడు. "నవంబరు తర్వాత," అన్నాడు.

లూసిందా తలూపింది. ఆవిడ మొహంలో కోపం కనపడలేదు. పద్దెనిమిదేళ్ళు జనం తన ముందు నిలబడి చెప్పేవి విన్న మొహం అది. "జబ్బుకి నేను భయపడేదాన్ని కాదు గవర్నరుగారూ," అంది. "మా నాన్న కీళ్ళవాతంతో పదిహేనేళ్ళు బతికాడు. పనికూడా చేశాడు. మొన్న మొదటిరోజే చెప్పి ఉంటే ఇవాళ ఇక్కడే ఉండేదాన్ని. దేని గురించి పడదో రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఈ ఒక్కటీ దాచుకుని మాట్లాడారు." వెర్నాకి చెయ్యి అందించింది. "మీకు నామీద కోపం లేదుగా?"

"నాకెందుకమ్మా," అంది వెర్నా.

మధ్యాహ్నం విమానానికి ఆవిడ వెళ్ళిపోయింది. పెట్టె తనే మోసుకెళ్ళింది. సంగతి తెలిశాక మార్సియా బాత్రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక వెర్నా ముందు నిలబడి, "నాకు ముందే చెప్పి ఉండాల్సింది మీరు. ఆయన చెప్పకపోయినా," అంది. అదీ నిజమే. వెర్నా తలదించుకుని విన్నది. పంతొమ్మిది కాగితాలూ సంతకాలు లేకుండానే డబ్బాలోకి వెళ్ళాయి. అయిదు గంటలయింది.

ఆదివారం గ్రాంట్ హాల్వర్ వచ్చాడు. ఈసారి ఇంజను ఆపాడు. ఓర్విల్ అతన్ని చూసి, టొమాటోలకి నీళ్ళు పెట్టాలని పెరట్లోకి వెళ్ళాడు. అంతకుముందు గంటే పెట్టాడు.

"నువ్వే ఉండిపో," అన్నాడు గ్రాంట్ కూర్చుంటూనే. "జబ్బు సంగతి రేపు నేనే చెప్పేస్తాను. మొదటి వాక్యంలోనే చెప్తాను. అందరికీ చెప్పాక దాచిందంటూ ఏం ఉండదు. నీకు తెలుసు, జనానికీ తెలుస్తుంది. నీ పేరు ఎలాగూ ఉంది. ఉండనీ."

వెర్నా వెంటనే కాదనలేదు. పశువుల సంత హాల్లో చెయ్యి పట్టుకున్న ఆవిడ గుర్తొచ్చింది. నాలుగు నెలలు తిరిగిన దారులు గుర్తొచ్చాయి. అవునంటే ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆమెకి స్పష్టంగా కనిపించింది. వేదికలు, విమానాలు, తన గొంతు మైకులో వినపడటం. తనకది ఇష్టమే. ఆ సంగతి ఆమెని భయపెట్టింది.

"నేను చెయ్యలేను గ్రాంట్."

"ఎవరు చెయ్యగలరు? ఎవరూ చెయ్యలేరు. ఎక్కాక నేర్చుకుంటారు."

"నువ్వు బాగుంటే నేను ఉన్నా లేకపోయినా ఒకటే. ఆటలో అరటిపండు. నువ్వు బాగాలేవు. నీ పక్కనున్న పేరు ఇప్పుడు ఉత్తి పేరు కాదు." కాఫీ కప్పు పక్కకి జరిపింది. "ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాలు సరిగ్గా లేవని మనుషుల్ని వెనక్కి పంపాను. అందులో మా పెదనాన్న కొడుకు కూడా ఉన్నాడు. నా కాగితం సరిగ్గా లేదని నాకు తెలుసు. ఇష్టం వేరు, సరిపోవడం వేరు."

"నువ్వు కాదంటే నేను మానుకోవాలి."

"తెలుసు."

"అది నీకు ఫరవాలేదా?"

"ఫరవా ఉంది," అంది వెర్నా. "చాలా ఉంది. ఈ అయిదు నెలల్లో నిద్రే సరిగ్గా లేదు. కానీ ఇంకో పేరు దొరకలేదని నా పేరు పెట్టకు."

వెళ్ళేటప్పుడు బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగి, కట్టుకోలేక అలాగే ఉండిపోయాడు. వెర్నా కింద కూర్చుని కట్టింది. మోకాళ్ళ నొప్పితో ఆమె లేవడానికి అతను చెయ్యి ఇచ్చాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

మంగళవారం బిస్మార్క్‌లో అతను పత్రికలవాళ్ళని పిలిచాడు. మొదటి వాక్యంలోనే జబ్బు సంగతి చెప్పాడు. రెండో వాక్యంలో, జనవరి నుంచి దాచానని చెప్పాడు. మూడో వాక్యంలో పోటీ నుంచి తప్పుకున్నాడు. చెప్పాలనుకున్న ఆ నాలుగు మాటలూ ఆ తర్వాత చెప్పాడు గానీ, అప్పటికే సగం కెమెరాలు సర్దుకుంటున్నాయి. వెర్నా ఇంట్లో టీవీ ముందు కూర్చుని అవీ చివరిదాకా విన్నది. బాగానే ఉన్నాయి. అందులో ఒకటి నీళ్ళ గురించి. అది లూసిందా మాట అని ఆమెకి తెలిసింది.

తప్పుకున్నా కాగితాలు తప్పుకోలేదు. కొన్ని రాష్ట్రాల్లో గడువులు దాటిపోయాయి, బ్యాలెట్లు అచ్చుకి వెళ్ళాయి. నవంబరులో వెర్నా తన కౌంటీలోనే ఓటు వెయ్యడానికి వెళ్ళింది. ఎన్నికల అధికారిగా ఇప్పుడున్న అమ్మాయికి పని నేర్పింది వెర్నానే. ఆ అమ్మాయి లేచి నిలబడి బ్యాలెట్ అందించింది. పైనుంచి నాలుగో గడిలో గ్రాంట్ ఓస్బీ పేరు, దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో వెర్నా హౌగెన్ పేరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె బ్యాలెట్లు అచ్చేయించింది. తన పేరు దానిమీద చూసుకోవడం ఇదే మొదటిసారి. అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంది, ఉన్నాయి. ఆ గడి వదిలేసి వేరేచోట గుర్తుపెట్టి బయటికొచ్చింది.

అయినా హాల్వర్ కౌంటీలో వాళ్ళిద్దరికీ నాలుగు వందల పన్నెండు ఓట్లు వచ్చాయి. తప్పుకున్నారని తెలిసే వేశారు జనం. ఎందుకు వేశారో ఒక్కొక్కళ్ళూ ఒక్కో కారణం చెప్పారు. కిరాణా కొట్టువాడు, రెండు పార్టీలమీదా కోపంతో వేశానన్నాడు.

"నువ్వెవరికి వేశావు?" అని ఓర్విల్‌ని అడిగింది వెర్నా.

"అది రహస్యం. నువ్వేగా ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పింది."

గ్రాంట్ జూలై నుంచీ ఆమెతో మాట్లాడలేదు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. అతని చెల్లెలు ఎత్తి, నిద్రపోతున్నాడని చెప్పింది. వెర్నా అంతకంటే బలవంతపెట్టలేదు. తను చేసింది తప్పని అనుకోలేదు గానీ, ఒప్పని సంతోషంగా ఉండటానికీ కుదరలేదు.

డిసెంబరు మొదటి వారంలో అతనే ఫోన్ చేశాడు. వాతావరణం గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత, గురువారం ఫార్గోలో డాక్టరుని చూడాలనీ, కొత్త మందులు మొదలుపెట్టాక కారు నడపవద్దన్నారనీ, చెల్లెలికి మంచులో నడపడం భయమనీ చెప్పాడు.

"ఎన్నింటికి?" అంది వెర్నా.

"పదింటికి ఉండాలి అక్కడ."

"అయితే ఏడింటికి వస్తాను. బూట్లు వేసుకుని ఉండు."

గురువారం రోడ్డు మీద పలచగా మంచు గడ్డకట్టి ఉంది. ఆమె నలభై మైళ్ళ వేగం దాటకుండా నడిపింది. గ్రాంట్ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. రెండువైపులా తెల్లటి పొలాలు, అక్కడక్కడ ధాన్యం గిడ్డంగులు. సగం దారి దాటారు.

"లూసిందా ఉత్తరం రాసింది," అన్నాడు గ్రాంట్. "ఎలా ఉన్నానని."

"జవాబు రాశావా?"

"రాయాలంటే చేత కావడం లేదు."

"నువ్వు చెప్పు, నేను రాస్తాను," అంది వెర్నా. "సంతకం మాత్రం నువ్వే పెట్టాలి."

"చిన్నగా వస్తుంది."

"రానీ. ఆవిడ చదువుకోగలదు."

ముందు వెళ్తున్న లారీ వెనక మంచు లేచి అద్దం మీద పడుతోంది. వెర్నా దాన్ని దాటడానికి తొందరపడకుండా, దాని వెనకే మెల్లగా పోనిచ్చింది.